రాయప్పగారి పండక్కి కామందుగారి కోడి

ఆ రోజుల్లో మాకు పేతురూ లేడు, పౌలూ లేడు. ఉన్నవాళ్లు రాయప్పగారు, చిన్నప్పగారు. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే వాళ్లెవరో మా మేనమామలనుకుంటారు. నిజం చెప్పొద్దూ, చిన్నప్పుడు మేమూ ఇంచుమించు అలాగే అనుకునేవాళ్లం. పేతురుగారికి రాయప్ప అనీ, పౌలుగారికి చిన్నప్ప అనీ మా పాత కథోలికుల జపాల పుస్తకాల్లో పేర్లు. ప్రభువు మాట లోకానికి చాటి, రోమాపురిలో ప్రాణాలిచ్చిన అపొస్తలులు ఇద్దరూ. ఇద్దరికీ కలిపి ఒకటే పండగ, జూన్ నెలాఖర్న. సరిగ్గా కాలవలకి నీళ్లు వదిలి, తొలకరి పడి, రైతులు ఆకుమళ్లు దున్నుకునే వేళ. వేసవంతా పగుళ్లిచ్చి పడుకున్న మా రాజోలు వైపు కాలవలో బురదనీళ్లు కదిలేవి, పడవలు కదిలేవి, పడవలతోపాటు మా పండగ చుట్టాలూ కదిలేవారు. ఇప్పుడు పండగలకి మైకులొచ్చాయి, రంగుదీపాలొచ్చాయి, ఫాదరుగార్లు కార్లలో వస్తున్నారు. సంతోషమే. కానీ పండగ దాటితే గండం దాటినట్టు నేను ఊపిరి పీల్చుకున్నది మాత్రం నా జన్మలో ఒక్కసారే. అదీ ఒక కోడి వల్ల.

అప్పటికి నాకు పద్దెనిమిది నిండాయి. సిస్టర్ల దగ్గర ఉండి టీచరు ట్రైనింగు పూర్తి చేసుకుని, మా గుడిబడిలో ఒకటో తరగతి పంతులమ్మగా చేరి నెల కూడా కాలేదు. జీతం ఇంకా కళ్లజూడలేదు గానీ, పంతులమ్మ దర్జా మాత్రం మొదటిరోజే వచ్చేసింది. ట్రైనింగులో మాకు ఒక సంగతి నూరిపోశారు: ఏది చెప్పినా వస్తువు చూపించి చెప్పాలి. మామిడికాయ పాఠానికి మామిడికాయ, తాబేలు పాఠానికి తాబేలు. (తాబేలు పాఠం చెప్పిన రోజు అది బల్లకింద దూరి సాయంత్రందాకా బయటికి రాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.) చూపించకుండా చెప్పేవాళ్లందరూ నా దృష్టిలో పాతకాలపు మనుషులే. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది, నన్ను పెంచింది మా నాన్నకి తల్లి, మా మామ్మ. ఆవిడకీ నేను చూపించి చెప్పబోయేదాన్ని. ఆవిడ వినేది కాదు.

పండగనాడు పూజ అయ్యాక, భోజనాలకి ముందు, గుడి పక్కన పందిట్లో నాటకం వెయ్యడం మా ఊరి ఆనవాయితీ. ఎప్పుడూ అదే నాటకం. ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి రాయప్పగారు భయపడి, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకడం, వెంటనే కోడి కూయడం, ఆయన వెక్కివెక్కి ఏడవడం. రాయప్ప వేషం మా ఉపదేశిగారిది. ఫాదరుగారు ఊళ్లో లేనప్పుడు జపాలు చెప్పించే పెద్దమనిషి. ఆయనకి గొంతుంది, ఆ గొంతు మీద మమకారం అంతకన్నా ఎక్కువ ఉంది. ప్రతి బొంకుకీ ముందొక పద్యం, వెనకొక పద్యం పెట్టుకునేవారు. ఒక ఏడాది అమలాపురం నుంచి అద్దెకి కిరీటం తెప్పించుకుంటే, రాయప్పగారు చేపలు పట్టే మనిషని చెప్పి ఫాదరుగారు దగ్గరుండి తీయించారు. అంతకుముందు ఏడు కోడి కూత కూసింది మా గరిటె పెదనాన్న. ఊళ్లో పెళ్లిళ్లకీ పండగలకీ వంట ఆయనదే గనక ఆ పేరు. తెర వెనకనుంచి ఆయన కొక్కొరొకో అనగానే, గరిటె పెదనాన్న గొంతు అందరికీ తెలుసు కాబట్టి, జనం విరగబడి నవ్వారు. అంత నవ్వులో పాపం రాయప్పగారు ఏడ్వలేకపోయారు. ఉపదేశిగారు ఆ అవమానం ఏడాదంతా మోశారు.

అదిగో, ఆ సందులో దూరాను నేను. కోడి కూతకి కోడినే తెద్దాం అన్నాను. ఫాదరుగారు దొరగారు. ఎక్కడో సముద్రాల అవతలినుంచి వచ్చి, గ్రంథాల్లోంచి తెలుగు నేర్చుకున్న మనిషి. ఆయన తెగ సంతోషించి "ఇది మిక్కిలి సమంజసమండీ" అన్నారు. అయితే ఏ కోడి? మా ఇళ్లలో కోళ్లు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కూస్తాయి, మనం అడిగితే కూయవు. అడగ్గానే కూసే కోడి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. కామందుగారి డేగ. డేగ అంటే ఎర్ర ఈకల పుంజు. ఆయన దాన్ని పందేలకి పెంచారు. బాదంపప్పు పెట్టి, ఉదయం ఈత కొట్టించి, ఎండలో ఆరబెట్టి, మనవడికైనా చెయ్యనంత సేవ చేసేవారు. పగలంతా చీకటిగంప కింద ఉంచుతారు. గంప ఎత్తగానే వెలుతురు చూసి రెక్కలు టపటపలాడించి ఊరదిరేలా కూస్తుంది. అటు వెళ్లినప్పుడల్లా విన్నాను కదా, నా నాటకానికి దేవుడు చేసిపెట్టిన కోడి అదే అనుకున్నాను. (ఫాదరుగారికి అది పందెం కోడని చెప్పలేదు. ఆయనకి కోడంటే కోడే. పైగా పందెం బరి తొక్కినవాడు గుడి గడప తొక్కడానికి వీల్లేదని ఆయన ప్రతి ఏడూ పీఠం మీంచి గర్జించేవారు.)

మా నాన్న కామందుగారి ఎకరన్నర మడి కౌలుకి చేసేవారు. కాగితం లేదు, కబుర్లేదు. ఏరువాకకి ముందు ఆయన "చేసుకో" అంటే మా ఇంట్లో ఆ ఏడాదికి అన్నం ఉన్నట్టు. ఆ సంవత్సరం ఆయన ఆ మాట ఇంకా అనలేదు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి కోడిని నాటకానికి అడగమన్నాను మా నాన్నని. అడగడానికి ఆయన మూడు పూటలు వెళ్లి వెనక్కి వచ్చారు. నాలుగోసారి నేనూ వెంట వెళ్లాను. కామందుగారు ముందు పకపకా నవ్వారు. తర్వాత మీసం దువ్వుకుని, మావోడు వేషం కడతాడా అయితే నేనూ వచ్చి చూస్తాను అన్నారు. మేం గుమ్మం దిగుతుంటే మాత్రం నవ్వు ఆపి ఓ మాటన్నారు. "చూడవోయ్, దాని ఈక రాలినా నేనూరుకోను. ఆ పైన మడి సంగతి నన్నడక్కు." మా నాన్న "ఆయ్, ఆయ్" అంటూ దారంతా అదే మాట తనలో తను అనుకుంటూ వచ్చారు. నేను మాత్రం నాటకం రక్తికట్టడం గురించి ఆలోచిస్తూ వచ్చాను.

పండగనాడు తెల్లారగానే కామందుగారి మనిషి గంపతో సహా కోడిని తెచ్చి ఇచ్చాడు. పూజయ్యేదాకా ఎక్కడ పెట్టడం? వాన తుంపర పడుతోంది. గుడి వరండా చూరు కింద పెట్టి, మా మామ్మని పిలిచి, ఇందులో కోడి ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని చెప్పి, హార్మోనియం దగ్గరికి పరుగెత్తాను. పిల్లల చేత పాటలు పాడించేది నేనే. ఇంకో ముక్క చెప్పడానికి నాకు తీరికెక్కడిది? పంతులమ్మని కదా.

మా మామ్మ మనసులో ఏముందో అప్పుడు నాకు తెలియదు. మడి సంగతి తెలిస్తే బెంగపడుతుందని, కామందుగారి కోడిని తెస్తున్నామని నేనూ నాన్నా ఆవిడ చెవిన వెయ్యనేలేదు. రాయప్పగారి పండక్కి ఇంటింటివాళ్లూ కానుక తేవడం మా గుడి ఆచారం. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, ఎక్కువగా కోళ్లు. (అంతర్వేది వైపు చేపలు పట్టే పల్లెవాళ్లు నరసింహస్వామి భక్తులే. అయినా రాయప్పగారు వల వేసే మనిషని విని, పడవ మీద పోతూ పోతూ మా రేవులో ఓ చేప ఇచ్చి పోయేవారు. కత్తి పట్టుకుని నిలబడ్డ చిన్నప్పగారికి మాత్రం మా ఊళ్లో అంత గిరాకీ ఉండేది కాదు, పాపం.) పూజయ్యాక కానుకలన్నీ పీఠం కటకటాల దగ్గరికి పట్టుకెళ్తే ఫాదరుగారు తీర్థం చల్లుతారు, అక్కణ్ణుంచి తిన్నగా వంటశాలకి పోతాయి, అందరికీ భోజనం. అంతేకాదు, ఇంట్లో ఎవరైనా కొత్తగా సంపాదనలో పడితే ఆ ఏటి కానుక వాళ్ల చేతి మీదుగా వెళ్లాలి. ఈ సంగతి మామ్మ నేను బడిలో చేరినప్పట్నుంచీ నా చెవిలో జోరీగలా చెప్తూనే ఉంది. నేను చూద్దాంలే, చూద్దాంలే అంటూ తోసేస్తున్నాను. ఇప్పుడేమో పండగపూట, గుడి వరండాలో, గంప కింద కోడి. అందులోనూ నేనే తెచ్చి, నేనే జాగ్రత్త అని అప్పగించిన కోడి. రాబోయే జీతం మీద అప్పుచేసి కానుక కొన్నాననుకోక, దాన్ని చూసి ఆవిడ ఇంకేమనుకుంటుంది? మా గుడి మనుషులు ఎవరైనా అదే అనుకుంటారు.

పూజ అయింది. కానుకల పాట ఎత్తుకున్నాం. అందరి కోళ్లూ కాళ్లకి తాటినార కట్టి తలకిందులుగా వేలాడుతూ అరుస్తూ వస్తున్నాయి. వాటి మధ్యనుంచి మా మామ్మ, ఉతికిన తెల్లచీర కట్టుకుని, డేగని చంకలో పెట్టుకుని, పెళ్లికూతుర్ని నడిపించే ముత్తైదువలా నడిచి వస్తోంది. నా చేతివేళ్లు హార్మోనియం మీద ఎక్కడున్నవి అక్కడే ఉండిపోయాయి. తిత్తి నొక్కడం మాత్రం ఆపలేకపోయాను, దాంతో ఒకటే స్వరం గుడంతా నిండి మోగింది. పిల్లలు అదే పాటనుకుని దాన్నే పట్టుకున్నారు. మామ్మ కటకటాల దగ్గర ఆగి, అందరికీ వినబడేలా, మా మనవరాలి మొదటి జీతం కానుకండీ ఫాదరుగారూ అంది. ఫాదరుగారు నా వైపు చూసి తల పంకించి, ఆ తల్లి చేతిలో కోడికి అందరి కోళ్లకన్నా రెండు చిలకరింపులు ఎక్కువే చిలకరించారు. పందేల్లో మొహాన నీళ్లు కొట్టించుకోవడం అలవాటైన కోడి కాబట్టి, అది బెదరకపోగా ఇంకా కావాలన్నట్టు మెడ ముందుకు చాచింది. అప్పుడు మగవాళ్ల వైపు చూశాను. సగం మంది దాన్ని గుర్తుపట్టారు. గుర్తుపట్టిన ప్రతివాడూ గుడి కప్పు వైపు చూస్తున్నాడు. ఇది కామందుగారి పందెం కోడి అని అనాలంటే, నీకెలా తెలుసు అని ఫాదరుగారు అడుగుతారు కదా.

పోనీ నేనైనా లేచి చెప్పవలసింది. చెప్తే ఏమవుతుంది? అంతమంది ముందు మా మామ్మ అబద్ధమాడినట్టవుతుంది. జీవితమంతా ఒకరి గింజకి ఆశపడని మనిషి, ఎరువు తెచ్చిన కోడిని దేవుడికి ఇచ్చిందని ఊరు చెప్పుకుంటుంది. అప్పటి ఆవిడ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ మొహం చూశాక తలవంచుకుని మళ్లీ హార్మోనియం మెట్లు నొక్కాను. ముందు పాట ముగిద్దాం, తర్వాత వంటశాలకి పరుగెత్తి చాటుగా కోడిని తెచ్చుకుందాం అనుకున్నాను. అంతలో ఫాదరుగారు రాయప్ప చిన్నప్పల స్వరూపాలతో గుడి చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టించారు. పిల్లల్ని వరసలో నడిపించే పని నాది. ఆ గుడి చుట్టుకొలత అంత పెద్దదని నాకు అంతకుముందు తెలియదు.

వంటశాలకి చేరేసరికి నా కాళ్లనిండా బురద. రెండు గుండిగలు కుతకుతా ఉడుకుతున్నాయి. అవతల ఈకలు కుప్పగా పడున్నాయి. తెల్లవి, నల్లవి, ఎర్రవి. ఎర్రవి చాలానే ఉన్నాయి. గరిటె పెదనాన్న చుట్టూ పదిమంది మసాలాలు నూరుతూ ఉన్నారు. పెదనాన్నా, మా మామ్మ ఇచ్చిన కోడి, అని మొదలెట్టానో లేదో, ఆయన నా మొహంకేసి చూడకుండా, ఇక్కడ నిలబడకు, పో, నీ నాటకం చూసుకో అని గదమాయించాడు. ఎన్నడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి. ఆ చూపు తప్పించడంతోనే నాకు అంతా అర్థమైపోయింది. గుండిగలోంచి వస్తున్న ఘుమఘుమ వాసన మాది కాదు, మా ఎకరన్నర మడిది.

నాన్న కాలవ రేవులో ఉన్నారు, పడవ దిగుతున్న కామందుగారికి గొడుగు పడుతూ. ఆయన్ని పందిట్లో ఫాదరుగారి పక్కన పేము కుర్చీలో కూర్చోబెట్టాక, నాన్నని పక్కకి లాగి జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "నాటకం కానీ అమ్మా. ఆయనతో నేను చెప్తాను. మామ్మకి మాత్రం తెలీనివ్వకు" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగింది కాదు. ఉత్త గంప ఒకటి పట్టుకుని తెర వెనక్కి వెళ్లి కూర్చున్నాను. గంప చూస్తే ఉపదేశిగారికైనా ధైర్యంగా ఉంటుందని. నాకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

నాటకం మొదలైంది. కామందుగారు ప్రతి పద్యానికీ మధ్యలో ఫాదరుగారి వైపు వంగి, మావోడి వేషం ఎప్పుడండీ అని అడగడం నాకు వినబడుతూనే ఉంది. ఉపదేశిగారు మొదటి బొంకు బొంకారు, రెండోది బొంకారు. రెండింటికీ మధ్య సుదీర్ఘంగా రాగం తీశారు. ఎంత తీస్తే నాకు అంత మేలని మొదటిసారి ఆయన రాగాన్ని మెచ్చుకున్నాను. మూడోసారి దాసీపిల్ల వేషంలో ఉన్న కుర్రాడు నిలదీశాడు. ఉపదేశిగారు గుండె మీద చెయ్యేసుకుని, "ఆ మనిషెవరో నేనెరుగను" అని గర్జించి, కోడి వైపు చెవి పెట్టారు. కోడి లేదు. తెరకేసి చూశారు. నేనే కూద్దామని నోరు తెరిచాను. గొంతులోంచి కూతకి బదులు వెక్కిళ్లు వచ్చాయి. ఉపదేశిగారు నటనలో తగ్గే మనిషి కాదు. "నిజంగానే నేనెరుగను" అన్నారు. మళ్లీ ఆగారు. "ఎన్నడూ చూసి ఎరుగను" అన్నారు. సువార్తలో మూడు బొంకులే రాసిపెట్టి ఉన్నాయి. మా రాయప్పగారు ఆ లెక్క దాటిపోయి, వాళ్ల ఊరెరుగను, వాళ్ల నాన్ననెరుగను అని బంధువుల దాకా వచ్చేశారు. ఫాదరుగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలి దగ్గారు. కామందుగారు లేచి నిలబడ్డారు, మావోడేడీ అంటూ.

అప్పుడు వంటశాల వైపునుంచి కోడి కూసింది.

పందిరంతా అటు తిరిగింది. నాకు మాత్రం ప్రాణం లేచి రాలేదు. గరిటె పెదనాన్న అయ్యుంటాడు, నా కష్టం చూడలేక పాత వేషం మళ్లీ కట్టి ఉంటాడు అనుకున్నాను. చచ్చిన కోడి ఎలా కూస్తుంది? ఇంతలో మళ్లీ కూసింది, ఈసారి ఇంకా పొడుగ్గా. ఆ కూత మధ్యలోనే, ఆ కూత మీదుగానే, గరిటె పెదనాన్న గొంతు గట్టిగా వినబడింది. "నోర్ముయ్యరా నాయనా, నా కొంప తీసేలా ఉన్నావు" అని. ఒక మనిషి కూయగలడు, లేదా తిట్టగలడు. రెండూ ఒకేసారి చెయ్యలేడు కదా. కోడి బతికే ఉంది. ఉత్త గంపని కౌగలించుకుని నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. అవతల తెర ముందు ఉపదేశిగారు, ఇంకా ఎంతమందిని ఎరగననాలో అన్న భయం తీరిపోయి, నేలమీద పడి కుళ్లికుళ్లి ఏడ్చారు. జనం కళ్లొత్తుకున్నారు. అంత బాగా ఆయన మళ్లీ ఎన్నడూ ఏడవలేదని ఊరంతా చెప్పుకుంది.

వంటశాలకి పరుగెత్తాను. గరిటె పెదనాన్న బియ్యం కడిగే గంప బోర్లించి, దానిమీద కాలు వేసి నిలబడి ఉన్నాడు. ఎందుకో గంప పైకెత్తి చూడగా, వెలుతురు తగిలి కూసిందట. నన్ను చూసి గొంతు తగ్గించి చేతులు జోడించాడు. "నీకు దణ్ణం పెడతాను తల్లీ, నేను దీన్ని గుర్తుపట్టేనని ఫాదరుగారితో అనకు. అంత ఆటాడిన కోడి మెడమీద కత్తి ఎలా పెడతానే? చెయ్యి రాలేదు. అందరి ముందు నీకెలా చెప్పను?" అన్నాడు. ఆయన బరిలో తిరిగిన పాపమే మా ఇంటి అన్నం నిలబెట్టింది. దీనికి ఏ జపం చెప్పాలో నాకు ట్రైనింగులో నేర్పలేదు.

అసలు గండం అప్పుడే వచ్చింది. తన కోడి గొంతు పట్టుకుని కామందుగారు తిన్నగా వంటశాలకే వచ్చేశారు. ఆయన వెనక నాన్న, నాన్న వెనక ఫాదరుగారు. పెద్దింటివారు వచ్చారు కదా అని మర్యాద చెయ్యడానికి ఇంకో పక్కనుంచి మా మామ్మ. పెదనాన్న గంప తీశాడు. డేగ నిలబడి, తీర్థం తడి ఆరని మెడ ఈకలు దులుపుకుంది. ఎవరూ మాట్లాడకముందే మామ్మ అందుకుంది. "చూసేరా బాబుగారండీ, మా మనవరాలి మొదటి జీతం. రాయప్పగారికి ఇచ్చేం. ఫాదరుగారు తీర్థం చల్లేరు. మీరు భోంచేసి వెళ్లాలండి."

నాన్న కళ్లు మూసుకున్నారు. నేను మూసుకుందామనుకున్నాను గానీ మూతపడలేదు. కామందుగారు కోడిని చూశారు. మామ్మని చూశారు. నన్నూ నాన్ననీ చూశారు. మీసం మీద చెయ్యి పోయింది.

"తీర్థం చల్లేరా?" అన్నారు ఆయన.

"ఆయ్, మామూలుగా కాదండీ, మిగతావాటికన్నా ఎక్కువే చల్లేరు" అంది మామ్మ. పరలోకం తాళాలు రాయప్పగారి దగ్గరే ఉంటాయని, ఆయన దీవిస్తే తిరుగుండదని కూడా వివరంగా చెప్పింది.

కామందుగారు ఆలోచనలో పడ్డారు. ఆ మనిషి ఆ కోడిని అంతకుముందే అంతర్వేది తీసుకెళ్లి స్వామి గాలిగోపురం ఎదురుగా నిలబెట్టి తెచ్చారు, ఓ పీరుసాయిబు చేత తాయెత్తు కట్టించారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. దానికి ఇంకా మిగిలింది తాళాలాయన ఒక్కరే. కామందుగారి మొహంలో కోపం రావలసిన చోట మెల్లిగా సంతోషం రావడం నేను నా కళ్లతో చూశాను. గొంతు సవరించుకుని మా మామ్మతో, జన్మలో మా వాడలో ఎవరితోనూ మాట్లాడనంత మర్యాదగా, "ఏమ్మా, ఈ కోడిని నాకు ప్రసాదంగా ఇస్తావా? దీనికి బదులు వంటకి నాలుగు కోళ్లు ఇప్పుడే పంపిస్తాను" అన్నారు.

మామ్మ వెంటనే ఒప్పుకోలేదు. దేవుడికిచ్చినది వెనక్కెలా తీస్తాం అని ఫాదరుగారి వైపు తిరిగింది. (మామ్మా, ఇచ్చెయ్యవే అని నేను లోపల్లోపల ఎన్ని జపాలు చెప్పానో.) ఫాదరుగారు యోచించి, "నాలుగు కోళ్లు అనగా మరికొందరికి భోజనము. రాయప్పగారు ఆక్షేపించరండీ" అని తీర్పు చెప్పారు. అప్పుడు మా మామ్మ వంగి డేగని ఎత్తి, రెక్కలు సర్ది, కామందుగారి కోడిని కామందుగారికి దానం చేసింది. జాగ్రత్తగా చూసుకోండి బాబుగారండీ, మంచి కోడి అని అప్పగింతలు కూడా పెట్టింది. ఆయన రెండు చేతులా తీసుకున్నారు.

వెళ్తూ వెళ్తూ రేవు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే మా నాన్నని అడిగారు. "ఏవోయ్, ఆకుమడికి నీళ్లు పెట్టేవా?"

నాన్న గబగబా రెండు మెట్లు దిగారు. తర్వాత, "ఆయ్, రేపు పెడతానండి" అన్నారు.

"రేపేంటి? కాలవొచ్చి ఎన్నాళ్లైంది. ఇవాళే పెట్టు" అని ఆయన పడవెక్కారు. నాన్న రేవు మెట్టు మీద అలా కూర్చుండిపోయారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. వాన మళ్లీ మొదలైంది. ఇద్దరం తడుస్తూనే కూర్చున్నాం, లేవాలని ఇద్దరికీ అనిపించలేదు. కాసేపటికి నాన్న నవ్వడం మొదలెట్టారు. ఎప్పుడూ పెద్దగా నవ్వని మనిషి, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పూట నేను మూడుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాను.

ఇంటికొస్తూ మామ్మ దారంతా కామందుగారి భక్తిని పొగిడింది. మన గుడి కోడిని అడిగి మరీ తీసుకెళ్లేరంటే ఎంత నమ్మకమే ఆయనకి అంది. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ కథ అలాగే చెప్పింది, మేం ఎవరం దిద్దలేదు. నా చేతికి జీతం వచ్చిన నెల, నిజంగానే ఒక కోడిని కొని చాటుగా వంటశాలలో ఇచ్చేశాను. డేగ ఆ తర్వాత గెలిచిందో ఓడిందో మాత్రం నాకు తెలియదు. తెలిసినవాళ్లు మా గుళ్లో బోలెడుమంది ఉన్నారు గానీ, అడిగితే అందరూ కప్పు వైపు చూసేవారు.

ఇప్పుడు నేను అప్పటి మా మామ్మకన్నా పెద్దదాన్ని. ప్రతి ఏడూ గుడ్ ఫ్రైడేనాడు గుళ్లో ప్రభువు శ్రమల పాఠం చదువుతారు. పేతురు మూడోసారి బొంకాడు, వెంటనే కోడి కూసింది అనే చోటికి రాగానే గుడంతా తలలు వంచుకుంటుంది, ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకుంటారు. నేనూ కొంగు తీస్తాను గానీ, నోటికి అడ్డం పెట్టుకోడానికి. పక్కన కూర్చున్న మా కోడలు, నలుగురూ చూస్తున్నారత్తయ్యా అని నెమ్మదిగా మోచేత్తో పొడుస్తుంది. ఆ అమ్మాయికి ఏమని చెప్పను? రాయప్పగారంతటివారికి ఆ కూత వినగానే గుండె పగిలింది. అది విని ప్రాణం లేచొచ్చి ఏడ్చినదాన్ని, క్రైస్తవ లోకం మొత్తం మీద నేనొక్కదాన్నే.